పాస్‌వర్డ్ అడుగుతున్నదెవరు? డెబియన్‌లో డిస్క్ ఎన్‌క్రిప్షన్: నా అనుభవం

భీమవరం చుట్టుపక్కల రొయ్యల మేత అమ్మే దుకాణంలో కంప్యూటర్ బిల్లులు కొట్టడానికే ఉండదు. అప్పు మీద మేత తీసుకెళ్ళిన ప్రతి రైతు ఆధార్, పాన్, పట్టాదారు పాసుపుస్తకం, ప్రోనోటు, ఖాళీ చెక్కు అన్నీ స్కాన్ చేసి అందులోనే పెడతారు. ఏ చెరువులో ఎన్ని టన్నులు పట్టారు, ఏ కౌంట్‌కి (కిలోకి ఎన్ని రొయ్యలు) అమ్మారు, ఎవరి బాకీ ఎంత, అదీ అందులోనే. ఆ ల్యాప్‌టాప్ బస్సులో మర్చిపోయినా, పాత డిస్కు పాతసామాన్ల కొట్టుకి చేరినా లాగిన్ పాస్‌వర్డ్ దేన్నీ ఆపదు. డిస్కు ఊడదీసి వేరే మిషన్‌కి తగిలిస్తే చాలు, ఫైళ్ళన్నీ బయటే. అందుకని అలాంటి ఒక దుకాణంలోని యంత్రాలన్నిటికీ డెబియన్ 12 (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) వేసి డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేశాను, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలోకి మార్చాను. యంత్రాలు తలో రకం: 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్న డెస్క్‌టాప్, ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) ఉన్న ల్యాప్‌టాప్, విదేశం నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు, చెరువు గట్టు మీద కాటా దగ్గర వాడే 1 జీబీ ర్యామ్ నెట్‌బుక్. చిక్కులూ దేనికదే వేరుగా వచ్చాయి.

ఎన్‌క్రిప్షన్ వల్ల మిషన్ లేవడం లేదని పిలిచినప్పుడు నేను ముందు చూసేది ఒక్కటే: పాస్‌వర్డ్ అడుగుతున్నది ఎవరు? నల్లటి తెర మీద అక్షరాలన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ అడిగేవాళ్ళు వేరు. 'ఎంటర్ పాస్‌ఫ్రేజ్ ఫర్ హెచ్‌డీ0,జీపీటీ2' అని ఉంటే అది గ్రబ్, అంటే సిస్టమ్‌ని లేపే బూట్‌లోడర్. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఇంకా మొదలే కాలేదు. 'ప్లీజ్ అన్‌లాక్ డిస్క్ ఎస్‌డీఏ3_క్రిప్ట్' అని ఉంటే అది ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్, అంటే అసలు సిస్టమ్ తెరుచుకునేదాకా ర్యామ్‌లో నడిచే చిన్న సిస్టమ్. కెర్నల్ లేచింది, డిస్కు కనిపించింది, లోపలి రూట్ (అసలు సిస్టమ్ ఫైళ్ళుండే భాగం) ఇంకా తెరుచుకోలేదు. అసలు ఏమీ అడక్కుండా '(ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్)' అనే ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతే, తాళం దాకా వెళ్ళకుండానే తలుపు కనిపించలేదని లెక్క. గ్రబ్‌కీ ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌కీ కీబోర్డ్ లేఅవుట్ వేరు కావచ్చు, అందుబాటులో ఉండే మెమరీ వేరు, చదివే ఫైళ్ళు వేరు. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనికిరాదు.

ఆదేశాలు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ఇన్‌స్టాలర్ ఎంపిక, డిస్కు తుడవడం

డెబియన్ వెయ్యడానికి రెండు దారులున్నాయి. మామూలు ఇన్‌స్టాలర్‌లో 'గైడెడ్, డిస్కు మొత్తం, ఎన్‌క్రిప్టెడ్ ఎల్‌వీఎం' ఎంచుకుంటే /బూట్ (కెర్నల్, ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ ఉండే భాగం) విడిగా, తాళం లేకుండా ఉంటుంది. మిగతాదంతా ఒక లక్స్ (లినక్స్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ పద్ధతి) పెట్టెలోకి వెళ్ళి, దాని లోపల ఎల్‌వీఎం (డిస్కు చోటుని భాగాలుగా పంచే ఏర్పాటు), అందులో రూట్, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు చోటు) వస్తాయి. యూఈఎఫ్‌ఐ (కొత్త తరం బూట్ పద్ధతి) మిషన్‌లో ఎస్‌డీఏ1 (డిస్కులో మొదటి భాగం) ఈఎఫ్‌ఐ భాగం, ఎస్‌డీఏ2 /బూట్, ఎస్‌డీఏ3 లక్స్. పాత బయోస్ పద్ధతిలో లక్స్ భాగం ఎస్‌డీఏ5 అవుతుంది. రెండో దారి లైవ్ ఐఎస్‌ఓలో (ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచేది) ఉండే కాలమేరస్ అనే ఇన్‌స్టాలర్. అది /బూట్‌ని కూడా తాళం లోపలే పెట్టేస్తుంది, కాబట్టి పాస్‌వర్డ్ గ్రబ్ అడుగుతుంది. నా ఓటు మొదటిదానికే, కారణం గ్రబ్ దగ్గరికొచ్చినప్పుడు చెబుతాను.

ఎన్‌వీఎంఈ ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాలర్‌కి అసలు డిస్కే కనిపించలేదు. ఇది ఎన్‌క్రిప్షన్ గొడవ కాదు. బయోస్‌లో స్టోరేజ్ మోడ్ రైడ్ లేదా ఆర్‌ఎస్‌టీ అని ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చాలి. ఆ డిస్కులో విండోస్ ఇంకా కావాలనుకుంటే మాత్రం ఊరికే మార్చెయ్యకండి, మార్చిన తరవాత విండోస్ లేవకపోవచ్చు. బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉంటే రికవరీ కీ కూడా అడుగుతుంది.

తరవాత ఇన్‌స్టాలర్ పాత డేటాని తుడుస్తుంది. హార్డ్ డిస్క్ సెకనుకి 100 ఎంబీ వేగంతో రాస్తుందనుకుంటే 1 టీబీకి దాదాపు 10,000 సెకన్లు, అంటే రెండుమ్ముప్పావు గంటలు. డిస్కు లోపలి వలయాలకు వెళ్ళేకొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి మూడున్నర గంటలైనా పట్టొచ్చు. 'క్యాన్సిల్' నొక్కితే తుడవడం ఆగి ఇన్‌స్టాలేషన్ ముందుకెళ్తుంది. కొత్త డిస్కు అయితే నేను నొక్కేస్తాను. పాత డిస్కు మీద మాత్రం వద్దు, ఎందుకంటే ఇంతకుముందున్న ఆధార్ స్కాన్‌లు వాటి మీద కొత్తగా ఏదైనా రాసేదాకా తాళం లేకుండా అలాగే ఉంటాయి. ఎస్‌ఎస్‌డీల సంగతి వేరు. లోపల అదనంగా దాచుకునే బ్లాకులు ఉంటాయి కాబట్టి పైనుంచి ఎంత రాసినా అన్నీ తుడిచినట్టు కాదు. తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ గానీ, ఎన్‌వీఎంఈ ఫార్మాట్ గానీ ముందే చేసుకుంటే నయం.

ఇక్కడ కరెంటు సంగతి చెప్పాలి. ఎండాకాలం సాయంత్రం ఈదురుగాలి మొదలైతే మా వైపు ఫీడర్ ఎప్పుడు పోతుందో తెలియదు. చిన్న యూపీఎస్ డెస్క్‌టాప్‌ని పది పదిహేను నిమిషాలకు మించి లాగదు. తుడిచేటప్పుడు కరెంటు పోతే నష్టమేమీ లేదు, మళ్ళీ మొదటినుంచి తుడవాలి, అంతే. ఉన్న డేటాని ఉన్నచోటే 'క్రిప్ట్‌సెటప్ రీఎన్‌క్రిప్ట్'తో మార్చేటప్పుడు కథ వేరు (క్రిప్ట్‌సెటప్ అంటే లక్స్ తాళాల్ని నడిపే ఆదేశం). లక్స్2 (లక్స్ కొత్త వెర్షన్) మధ్యలో ఆగినా అందుకుని కొనసాగించే ఏర్పాటుతో వస్తుంది గానీ, బ్యాకప్ లేకుండా ఆ పని నేను మొదలుపెట్టను.

సగంలో ఆగిన ఇన్‌స్టాలేషన్‌ని మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఇంకో తలనొప్పి వస్తుంది. పార్టిషన్ పట్టిక రాయలేను, డిస్కు వాడుకలో ఉంది అంటుంది. కారణం, ఇందాకటి లక్స్, ఎల్‌వీఎం ఇంకా తెరిచే ఉన్నాయి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కితే షెల్ వస్తుంది. అక్కడ ముందు 'వీజీఛేంజ్ -ఏ ఎన్', తరవాత 'క్రిప్ట్‌సెటప్ క్లోజ్ ఎస్‌డీఏ3_క్రిప్ట్'. వరస ముఖ్యం, లోపలిది మూశాకే బయటిది మూయాలి. ఏం జరుగుతోందో తెలియకపోతే ఎఫ్4 మీద లాగ్ కనిపిస్తూనే ఉంటుంది. గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌కి తిరిగి రావాలంటే ఎఫ్5.

వాల్యూమ్ గ్రూప్ (ఎల్‌వీఎంలో భాగాల గుంపు) పేరు ఇప్పటికే వాడుకలో ఉందని ఆపితే, అదే హోస్ట్‌నేమ్‌తో (మిషన్ పేరుతో) ఇంతకుముందు వేసిన మరో డిస్కు ఆ మిషన్‌కి తగిలించి ఉందని అర్థం. డిఫాల్ట్‌గా పేరు హోస్ట్‌నేమ్ వెనక '-వీజీ' చేర్చి వస్తుంది. దుకాణంలో ప్రతి మిషన్‌కీ 'డెబియన్' అనే పేరే ఉంచేస్తే ప్రతిదాంట్లోనూ 'డెబియన్-వీజీ'యే. రేపు ఒక డిస్కుని రక్షించడానికి ఇంకో మిషన్‌కి పెట్టినప్పుడు రెండూ ఢీకొంటాయి. మొదటి రోజే కౌంటర్, గోడౌన్, కాటా అని వేర్వేరు పేర్లు పెడితే ఈ బాధ లేదు.

కీబోర్డు

"ఆయ్, పాస్‌వర్డ్ కరెక్టుగానే కొడుతున్నానండి, తీసుకోవట్లేదండి" అని అకౌంటెంట్ ఫోన్.

"అంకెలు కుడిపక్క ప్యాడ్ మీద కొడుతున్నారా అండి?"

"అవునండి, ఎప్పుడూ అక్కడేనండి."

"ఓసారి పై వరసలో కొట్టి చూడండి."

తీసుకుంది. లెక్కలు రాసేవాళ్ళ చెయ్యి నమ్ ప్యాడ్ మీదే ఉంటుంది. లాగిన్ తెర వచ్చేసరికి డెస్క్‌టాప్ వాతావరణం నమ్ లాక్ వేసి పెట్టొచ్చు, ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ దశలో మాత్రం అది ఆరిపోయి ఉండొచ్చు. అంకె అనుకుని కొట్టిన ప్రతిదీ బాణం గుర్తుగానో, 'ఎండ్'గానో వెళ్తుంది. ప్యాడ్ లేని చిన్న ల్యాప్‌టాప్‌లలో దీనికి తలకిందులు: నమ్ లాక్ వెలిగితే జే, కె, ఎల్ అక్షరాలు అంకెలవుతాయి. కొట్టేది తెర మీద కనిపించదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌ల కథ ఇంకోటి. వాటిలో బ్రిటిష్ కీబోర్డ్ ఉన్నవి ఉంటాయి. ఎంటర్ కీ నిలువుగా ఉంటుంది, మూడో అంకె మీద పౌండు గుర్తు ఉంటుంది. ఇన్‌స్టాలర్‌లో అమెరికన్ లేఅవుట్ ఎంచుకుని, కీ మీద ముద్ర చూసి 'ఎట్' గుర్తు కొడితే అక్కడ పడేది జంట కోట్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడూ తప్పుగానే పడుతుంది, బూట్ అయ్యేటప్పుడూ అదే తప్పు పడుతుంది కాబట్టి తాళం తెరుచుకుంటుంది. తరవాత ఎవరో సెట్టింగ్స్‌లో లేఅవుట్ సరిచేస్తారు. వెంటనే ఏమీ కాదు, ఎందుకంటే ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌లో పాత లేఅవుట్ కాపీయే ఉంది. కొన్ని వారాలకి కెర్నల్ అప్‌డేట్ వచ్చి ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ కొత్తగా తయారవుతుంది. ఆ తరవాతి బూట్‌లో పాస్‌వర్డ్ పనిచేయదు. అప్పటికి లేఅవుట్ మార్చిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇన్‌స్టాలర్‌ని తెలుగులో నడిపినా తాళపు మాటలో తెలుగు అక్షరాలు పెట్టకూడదు. బూట్ దశలో తెలుగు లేఅవుట్ మీద ఆధారపడలేం, గ్రబ్‌కైతే మామూలుగా అమెరికన్ లేఅవుట్ ఒక్కటే తెలుసు. నేను పెట్టించే పద్ధతి: ఒకదానికొకటి సంబంధంలేని ఐదారు మాటలు, అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ, గుర్తులు లేవు, అంకెలు లేవు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. 'రొయ్య'కి వై ఒకటా రెండా, 'చేప'కి ఈ ఒకటా రెండా అని తేలాలి. కాగితం మీద అక్షరం అక్షరం రాసి బీరువాలో పెట్టించాలి. బీరువాలో కాగితం ఉండకూడదనేవాళ్ళున్నారు. దొంగ ఎత్తుకెళ్ళేది ల్యాప్‌టాప్ అయినప్పుడు, ఇంట్లో బీరువాలో కాగితం ఉండటం నాకు తప్పనిపించదు.

గ్రబ్ అడిగినప్పుడు

ఒక ల్యాప్‌టాప్‌కి నేను వెళ్ళేసరికే కాలమేరస్‌తో వేసి ఉంది. పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కాక అర నిమిషం దాకా కదలిక లేదు. హ్యాంగ్ అయిందని పవర్ బటన్ నొక్కేస్తున్నారు. హ్యాంగ్ కాలేదు. లక్స్ తాళం తీయాలంటే పాస్‌వర్డ్‌ని లక్షలసార్లు తిప్పి కలిపే లెక్క ఒకటి చేయాలి. ఎన్నిసార్లు అనేది లినక్స్ నడుస్తున్నప్పుడు ప్రాసెసర్ పూర్తి వేగంతో, రెండు సెకన్లు పట్టేలా కొలిచి పెడతారు. అదే లెక్కని గ్రబ్ తన నెమ్మది కోడ్‌తో చేస్తే పది, ఇరవై, ముప్పై సెకన్లు పడుతుంది. కీ స్లాట్లు (ఒక్కో పాస్‌వర్డ్‌కి ఒక్కో చోటు) రెండుంటే, మీ పాస్‌వర్డ్ రెండోదాంట్లో ఉంటే, మొదటిదాన్ని ప్రయత్నించే సమయం కూడా కలుస్తుంది. తప్పు కొడితే మళ్ళీ అడగకుండా 'గ్రబ్ రెస్క్యూ'లో పడేసే సందర్భాలూ ఉన్నాయి. అక్కడ 'క్రిప్టోమౌంట్ -ఏ', పాస్‌వర్డ్, 'ఇన్స్‌మాడ్ నార్మల్', 'నార్మల్' అని కొట్టి బయటపడొచ్చు గానీ, దుకాణంలో మనిషికి అది చెప్పడం కంటే ఆపి మళ్ళీ ఆన్ చేయమనడం తేలిక.

ఆలస్యం తగ్గించాలంటే 'క్రిప్ట్‌సెటప్ లక్స్‌ఛేంజ్‌కీ --ఇటర్-టైమ్ 500 /డెవ్/ఎస్‌డీఏ2' అని అదే పాస్‌వర్డ్‌ని మళ్ళీ పెట్టొచ్చు. లెక్క నాలుగో వంతుకి తగ్గుతుంది, ఆ మేరకు ఊహించి కొట్టేవాడి పనీ తేలికవుతుంది. ఇంకా పెద్ద గొయ్యి లక్స్2. గ్రబ్ 2.06 నుంచి లక్స్2ని చదవగలదు గానీ, 2.12 వరకూ పాస్‌వర్డ్ నుంచి కీ తయారుచేసే ఆర్గాన్2 పద్ధతి దానికి తెలియదు. పాతదైన పీబీకేడీఎఫ్2 పద్ధతి స్లాట్ అయితేనే తెరుస్తుంది. లక్స్2లో డిఫాల్ట్ మాత్రం ఆర్గాన్2ఐడీ. ఎక్కడో చదివి లక్స్1ని లక్స్2గా మార్చి, కొత్త పాస్‌వర్డ్ పెట్టి రీబూట్ చేస్తే సరైన పాస్‌వర్డే అయినా గ్రబ్ తోసిపుచ్చుతుంది.

ఆ ల్యాప్‌టాప్‌ని తుడిచి మామూలు ఇన్‌స్టాలర్‌తో మళ్ళీ వేశాను. /బూట్ బయట ఉంటే దాన్ని ఎవరైనా మార్చి పెట్టొచ్చు కదా అనే వాదనలో నిజం ఉంది. కానీ మేత దుకాణానికి భయం మిషన్ పోతుందనే గానీ, ఎవరో రాత్రిపూట వచ్చి బూట్‌లోడర్ మార్చి మళ్ళీ అక్కడే పెట్టి వెళ్తారని కాదు.

పాస్‌వర్డ్ సరైనదే, ఐనా తప్పు అంటుంది

ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ దశలో వచ్చే అసలు మోసకారి సందేశం ఇది: 'క్రిప్ట్‌సెటప్ ఫెయిల్డ్, బ్యాడ్ పాస్‌వర్డ్ ఆర్ ఆప్షన్స్?' చివరి ప్రశ్నార్థకాన్ని చూడండి. దానికీ తెలియదు. క్రిప్ట్‌సెటప్ ఏ కారణంతో విఫలమైనా స్క్రిప్టు ఇదే మాట అంటుంది.

నెట్‌బుక్ మీద నేరుగా ఇన్‌స్టాల్ చేస్తే పొద్దుపోతుందని దాని డిస్కుని 8 జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్‌కి పెట్టి అక్కడ వేశాను. నెట్‌బుక్ బయోస్ పద్ధతిది కాబట్టి పెన్‌డ్రైవ్‌ని డెస్క్‌టాప్‌లో కూడా లెగసీ మోడ్‌లోనే బూట్ చేయాలి, లేకపోతే నెట్‌బుక్‌కి గ్రబ్బే కనిపించదు. డెస్క్‌టాప్‌లో చక్కగా లేచింది. నెట్‌బుక్‌లో పెడితే పాస్‌వర్డ్ కొట్టగానే 'కిల్డ్' అనే ఒక్క మాట మెరిసి, దాని కింద పై సందేశం. ఆ 'కిల్డ్' చూడకపోతే రోజంతా పాస్‌వర్డ్ కొడుతూ కూర్చోవచ్చు. క్రిప్ట్‌సెటప్ వెర్షన్‌ని బట్టి దాని బదులు మెమరీ చాల్లేదనే మాట కూడా రావచ్చు.

ఆర్గాన్2ఐడీ కావాలనే ఎక్కువ మెమరీ తింటుంది. గ్రాఫిక్స్ కార్డులతో వేల పాస్‌వర్డ్‌లు ఒకేసారి ఊహించే వీలు లేకుండా చేసిన ఏర్పాటది. స్లాట్ తయారయ్యేటప్పుడు ఆ మిషన్‌లో ఎంత మెమరీ ఉందో చూసి, గరిష్ఠంగా 1 జీబీ దాకా రాసిపెడుతుంది. డెస్క్‌టాప్‌లో 'క్రిప్ట్‌సెటప్ లక్స్‌డంప్ /డెవ్/ఎస్‌డీబీ5' కొట్టి చూస్తే స్లాట్ 0 కింద మెమరీ 1048576 అని ఉంది. అది కేబీల్లో, అంటే సరిగ్గా 1 జీబీ. మొత్తం ర్యామే 1 జీబీ, బూట్ దశలో స్వాప్ ఉండదు (స్వాప్ తాళం లోపలే ఉంది కదా), ఇంక ఎక్కడినుంచి తెస్తుంది? డెస్క్‌టాప్‌లో ఉండగానే

క్రిప్ట్‌సెటప్ లక్స్‌కన్వర్ట్‌కీ --పీబీకేడీఎఫ్ ఆర్గాన్2ఐడీ --పీబీకేడీఎఫ్-మెమరీ 262144 /డెవ్/ఎస్‌డీబీ5

అని కొట్టి 256 ఎంబీకి దించాను. నెట్‌బుక్ తెరిచింది. చిన్న మిషన్‌లోనే ఇన్‌స్టాల్ చేసి ఉంటే సగం ర్యామ్‌కి మించి అడగదు కాబట్టి ఈ గొడవ రాదు. మెమరీ తగ్గించినచోట పాస్‌వర్డ్‌కి ఇంకో మాట కలపడం మంచిది.

డెస్క్‌టాప్‌లో వచ్చింది ఇంకా వింతైనది. అదే మనిషి, అదే కీబోర్డ్, అదే పాస్‌వర్డ్. ఒకసారి తీసుకుంటుంది, ఒకసారి తీసుకోదు. కీబోర్డ్ మార్చినా అంతే. ఇలా వస్తూ పోతూ ఉంటే ర్యామ్‌ని అనుమానించాలి. ఆర్గాన్2 1 జీబీ మెమరీని నింపి, దాన్ని పదే పదే చదివి, అన్నిటినీ కలిపి కీ తయారుచేస్తుంది. ఆ 1 జీబీలో ఎక్కడైనా ఒక్క బిట్ తిరగబడితే వచ్చే కీ పూర్తిగా వేరే కీ. మామూలు పనుల్లో ఒక బిట్ తప్పితే ఫొటోలో ఒక చుక్క రంగు మారుతుంది, లేదా ఏమీ తెలియదు. ఇక్కడ అలా సర్దుకుపోవడం ఉండదు. అందుకే మిగతా విషయాల్లో బాగానే ఉన్నట్టు కనిపించే మిషన్ తాళం దగ్గర మాత్రం పేచీ పెడుతుంది.

కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. చెరువుల పక్కన షెడ్డు, పగలూ రాత్రీ తిరిగే ఏరేటర్లు, ఉప్పు కలిసిన తేమ గాలి. నరసాపురం, మొగల్తూరు వైపు వెళ్ళేకొద్దీ ఇంకా ఎక్కువ. క్యాబినెట్ విప్పి ర్యామ్ కర్ర తీస్తే బంగారు రంగు పళ్ళ మీద బూడిద రంగు పొర, రెండు మూడు పళ్ళ అంచుల్లో ఆకుపచ్చ. ప్లగ్ పీకి, పెన్సిల్ రబ్బరుతో రెండు వైపులా నెమ్మదిగా రుద్ది, పొడి దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, స్లాట్‌లో కూడా బ్రష్‌తో దుమ్ము తీశాను. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ఒక పాస్ పూర్తయ్యేదాకా నడిపితే, తప్పుల్ని చూపించే ఎర్ర గీతలు పోయాయి. ఎర్ర గీతలు పోకపోతే ఆ కర్ర పారేయాల్సిందే, బేరాల్లేవు. తరవాత లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి 'క్రిప్ట్‌సెటప్ ఓపెన్ --టెస్ట్-పాస్‌ఫ్రేజ్ /డెవ్/ఎస్‌డీఏ3' వరసగా చాలాసార్లు నడిపి చూశాను. ఇది దేన్నీ తెరవదు, పాస్‌వర్డ్ సరిపోయిందా లేదా మాత్రం చెబుతుంది. '-వి' కలిపితే ఏ స్లాట్ తెరుచుకుందో కూడా చెబుతుంది.

ర్యామ్ చెడి ఉన్నప్పుడే ఇన్‌స్టాల్ చేసి ఉంటే పరిస్థితి విషమం. అప్పుడు స్లాట్ తయారైందే తప్పుడు లెక్కతో కాబట్టి, మంచి ర్యామ్ వేశాక సరైన పాస్‌వర్డ్ ఎప్పటికీ సరిపోకపోవచ్చు. అందుకే ఈ ప్రాంతంలో ఏ పాత మిషన్‌కైనా ఎన్‌క్రిప్షన్ వేసే ముందు మెమ్‌టెస్ట్ నడపడం నా మొదటి పని.

తలుపు కనిపించనప్పుడు

డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మార్చాం. కొత్త డిస్కు మీద కొత్త లక్స్, అవే వాల్యూమ్ పేర్లు, ఆర్‌సింక్‌తో ఫైళ్ళన్నీ కాపీ, గ్రబ్ కూడా అయింది. బూట్ చేస్తే పాస్‌వర్డే అడగలేదు. 'వెయిటింగ్ ఫర్ ఎన్‌క్రిప్టెడ్ సోర్స్ డివైస్ యూయూఐడీ=...' అని కాసేపు నిలబడి, రూట్ లేదని చెప్పి '(ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్)' ప్రాంప్ట్‌కి వచ్చేసింది. ఇది ఊహించిందే. కొత్త లక్స్‌కి కొత్త యూయూఐడీ (భాగానికి ఉండే గుర్తింపు సంఖ్య), ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ లోపలున్న కాపీలో పాతదే ఉంది.

ఆ ప్రాంప్ట్‌ని చూసి కంగారుపడకండి, అక్కడ చాలా పనులు చేయొచ్చు. 'బీఎల్‌కేఐడీ' కొడితే డిస్కులోని భాగాలు కనిపిస్తాయి. ఏవీ కనిపించకపోతే కేబుల్, బయోస్ చూసుకోవాలి. 'క్రిప్టో_లక్స్' అనే రకం కనిపిస్తే

క్రిప్ట్‌సెటప్ ఓపెన్ /డెవ్/ఎస్‌డీఏ3 ఎస్‌డీఏ3_క్రిప్ట్
ఎల్‌వీఎం వీజీఛేంజ్ -ఏ వై
ఎగ్జిట్

అంతే, బూట్ కొనసాగుతుంది. 'క్రిప్ట్‌సెటప్' అనే ఆదేశమే లేదంటే అదొక సమాచారం: 'క్రిప్ట్‌సెటప్-ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్' అనే ప్యాకేజీ వెయ్యలేదు. డెబియన్ 10 నుంచి అది విడి ప్యాకేజీ. డీబూట్‌స్ట్రాప్‌తో చేత్తో వేసుకునేవాళ్ళు దీన్ని వదిలేస్తుంటారు. అప్పుడు లైవ్ పెన్‌డ్రైవ్‌తోనే లోపలికి వెళ్ళాలి.

లోపలికి వెళ్ళాక /ఈటీసీ/క్రిప్ట్‌ట్యాబ్‌లో (బూట్‌లో తెరవాల్సిన తాళాల జాబితా) పెట్టాల్సింది లక్స్ భాగం యూయూఐడీ. తాళం లోపలున్న ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ కాదు, అది ఎఫ్‌స్టాబ్‌కి (మౌంట్ చేయాల్సిన భాగాల జాబితా). రెండూ చూడ్డానికి ఒకేలా పొడుగ్గా ఉంటాయి కాబట్టి 'బీఎల్‌కేఐడీ' చూపించే వరసలో రకం ఏమిటో చూసి తీసుకోవాలి. సేవ్ చేశాక 'అప్‌డేట్-ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ -యు -కె ఆల్'. ఈ ఆఖరి మెట్టు లేకుండా క్రిప్ట్‌ట్యాబ్ ఎంత దిద్దినా బూట్‌కి ఏమీ తేడా ఉండదు.

లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి చేసేటప్పుడు రెండు ఉచ్చులున్నాయి. లక్స్‌ని ఏదో ఒక పేరుతో తెరిస్తే చాలదు, క్రిప్ట్‌ట్యాబ్ వరసలో మొదటి మాటగా ఏ పేరుందో అదే పేరుతో తెరవాలి. వేరే పేరుతో తెరిచి క్రూట్ చేస్తే (లైవ్ నుంచి ఆ డిస్కులోని సిస్టమ్‌లోకి మారితే), ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ తయారుచేసే స్క్రిప్టు రూట్ ఏ తాళం వెనక ఉందో తేల్చుకోలేక ఒక హెచ్చరిక మాత్రం ఇచ్చి తాళం సంగతే లేకుండా ఫైల్ తయారుచేస్తుంది. ఆ హెచ్చరిక పసుపు రంగులో కూడా రాదు, మిగతా వరసల్లో కలిసిపోతుంది. రెండోది, క్రూట్‌కి ముందు /బూట్‌ని మౌంట్ చేయడం మరిచిపోవడం. అప్పుడు కొత్త ఫైల్ రూట్‌లో ఉన్న ఖాళీ /బూట్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది, అసలు /బూట్‌లో పాతదే ఉంటుంది. అన్నీ సరిగ్గా చేశాననుకుని రీబూట్ చేస్తే అదే తెర. కాబట్టి వరస ఇది: లక్స్ తెరవడం, 'వీజీఛేంజ్ -ఏ వై', రూట్‌ని /ఎంఎన్‌టీ మీద, /బూట్, /బూట్/ఈఎఫ్‌ఐ వాటి చోట్ల, తరవాత డెవ్, ప్రాక్, సిస్, రన్ నాలుగింటినీ '--ఆర్‌బైండ్'తో, అప్పుడు క్రూట్. బయటికొచ్చే ముందు 'ఎల్‌ఎస్‌ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్'తో కొత్త ఫైల్ లోపల 'క్రిప్ట్‌రూట్/క్రిప్ట్‌ట్యాబ్' ఉందో లేదో వెతికి చూడాలి. డెబియన్ ఇన్‌స్టాలర్‌లోనే ఉండే రెస్క్యూ మోడ్ ఇందులో సగం పని తానే చేస్తుంది, పాస్‌వర్డ్ కూడా అడుగుతుంది.

ఎల్‌వీఎం దారి పేరు చేత్తో కొట్టాల్సి వస్తే ఒక చిన్న సంగతి. గ్రూప్ పేరులో హైఫన్ ఉంటే మ్యాపర్ దారిలో అది రెండు హైఫన్లవుతుంది. 'కౌంటర్-వీజీ'లో రూట్ అంటే /డెవ్/మ్యాపర్/కౌంటర్--వీజీ-రూట్.

అప్పగించే ముందు

డెబియన్ 12లో గైడెడ్ పద్ధతి /బూట్‌కి సుమారు 500 ఎంబీయే ఇస్తుంది. పాత కెర్నల్‌లు తీయకుండా వదిలేస్తే అది నిండిపోయి, కొత్త ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ సగంలో ఆగిపోతుంది. అప్పుడు తాళం పాడైందనే అనుకుంటారు. చేత్తో పార్టిషన్ చేసే ఓపిక ఉంటే 1 జీబీ ఇవ్వండి. గ్రబ్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' నుంచి పాత కెర్నల్‌తో లేపి, 'డీఎఫ్ -హెచ్ /బూట్' చూసి, 'ఆప్ట్ ఆటోరిమూవ్' చేయడం ఎలాగో అకౌంటెంట్‌కి చూపించాను.

ల్యాప్‌టాప్ మూత వేసి సంచిలో పెట్టుకుంటే తాళం వేసినట్టు కాదని కూడా చెప్పాలి. నిద్రలో ఉన్న మిషన్‌లో కీ ర్యామ్‌లోనే ఉంటుంది. దుకాణం దాటేటప్పుడు షట్‌డౌన్ చేయాలి.

ఓనరుగారికి విడి స్లాట్, అకౌంటెంట్‌కి విడి స్లాట్ పెట్టాను, 'క్రిప్ట్‌సెటప్ లక్స్‌యాడ్‌కీ'తో. లక్స్2లో 32 దాకా పెట్టుకోవచ్చు. ఒకే పాస్‌వర్డ్ అందరికీ ఉంటే మనిషి మారినప్పుడల్లా అందరికీ మార్చాలి. హెడర్ (తాళం వివరాలు, కీ స్లాట్లు ఉండే చోటు) కాపీ కూడా తీశాను: 'క్రిప్ట్‌సెటప్ లక్స్‌హెడర్‌బ్యాకప్ /డెవ్/ఎస్‌డీఏ3 --హెడర్-బ్యాకప్-ఫైల్' తరవాత ఫైల్ పేరు. లక్స్2కి మామూలుగా 16 ఎంబీ వస్తుంది. లక్స్ భాగం మొదట్లో ఉండే ఆ కొద్ది చోటు చెడిపోతే పాస్‌వర్డ్ తెలిసినా మిగతా 1 టీబీ వృథా. ఈ ఫైల్ ఉంటే తిరిగి పెట్టుకోవచ్చు. దాన్ని ఆ మిషన్‌లోనే దాచుకుంటే అర్థం లేదు, వేరే పెన్‌డ్రైవ్‌లో ఉండాలి.

అకౌంటెంట్ మానేస్తే ముందు ఓనరుగారి పాస్‌వర్డ్ ఏ స్లాట్‌లో ఉందో టెస్ట్-పాస్‌ఫ్రేజ్‌తో తేల్చుకుని, అప్పుడు 'లక్స్‌కిల్‌స్లాట్'తో అవతలిది తీసేయాలి. తీశాక హెడర్ కాపీ మళ్ళీ కొత్తగా తీసి, పాత కాపీని చెరిపేయాలి. పాత హెడర్‌లో పాత స్లాట్ అలాగే ఉంటుంది, దాన్ని తిరిగి పెడితే మానేసిన మనిషి పాస్‌వర్డ్‌తో డిస్కు మళ్ళీ తెరుచుకుంటుంది. ఆ కాపీ బయటికి పోయిందనే అనుమానం ఉంటే స్లాట్ తీయడం సరిపోదు, బ్యాకప్ తీసుకుని 'రీఎన్‌క్రిప్ట్' చేయాలి.